చిన్న బాప్టిస్టు సంఘాన్ని విశ్వాసంలో స్థిరపరచి సువార్త పనిలోకి నడిపించడం ఎలా?

"సభ్యులు ముప్పై మంది కూడా లేరు, ఉన్నవారిలో సగం మంది వయసు మళ్ళినవారు, ప్రార్థన కూడికకు అయిదుగురు వస్తే అదే పదివేలు, ఇలాంటి సంఘాన్ని ఎలా ప్రోత్సహించాలి?" అని చిన్న సంఘాల కాపరులు ఒకే ప్రశ్నను మాటలు మార్చి మార్చి అడుగుతూ ఉంటారు. ఒకరు మావాళ్ళలో ఆత్మల భారం (ఇతరులూ ప్రభువును ఎరగాలన్న తపన) లేదంటారు, ఒకరు ఎంత ప్రసంగించినా ఎవరూ ముందుకు రావడం లేదంటారు, మరొకరు సువార్త పని అంతా నేను, నా భార్య మాత్రమే చేస్తున్నామంటారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు, పదిహేను నుంచి అరవై మంది వరకు సభ్యులున్న సంఘంలో కాపరి పన్నెండు వారాల్లో ఏమేమి చేయవచ్చో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఆదివారం హాజరును రెట్టింపు చేసే మార్గం ఇందులో లేదు. ప్రతి సభ్యుడి చేతిలో తాను మోయగలిగిన ఒక చిన్న పనిని, అతని ప్రార్థనలో కొన్ని పేర్లను ఉంచడమే దీని ఉద్దేశం.

కావలసినవి

- రెండు నోటుపుస్తకాలు. ఒకటి సభ్యుల సందర్శనకు, రెండవది వారం వారం జరిగినది రాసుకోవడానికి.
- సంఘ సభ్యత్వ పట్టిక. ఎంత పాతదైనా పరవాలేదు, మొదటి మెట్టులోనే దానిని సరిచేస్తాము.
- వారంలో మీ రెండు సాయంకాలాలు, పన్నెండు వారాల పాటు తప్పకుండా.
- ఇద్దరు సహాయకులు. వారిలో ఒకరు సోదరి అయి ఉండాలి, ఎందుకంటే కాపరి ఒంటరిగా వెళ్ళకూడని ఇళ్ళు, ఆయనతో చెప్పుకోలేని సంగతులు ప్రతి సంఘంలోనూ ఉంటాయి.
- పరిచారకుల (డీకన్ల) సమ్మతి, ఆ తరువాత సంఘ సమావేశపు తీర్మానం. ఈ రెండింటి గురించి నాలుగవ మెట్టులో చెబుతాను.

కొత్త మైకు సెట్టు, అచ్చు వేయించిన కరపత్రాలు, బయటి ఊరి ప్రసంగీకుడు ఈ పన్నెండు వారాల్లో అవసరం లేదు. కరపత్రాలు ఉంటే ఉండనివ్వండి, కాని వాటితో మాత్రం మొదలుపెట్టకండి. చేతిలో కాగితం ఉన్న మనిషి నోరు తెరవడానికి వెనుకాడతాడని నా అనుభవం.

1. ఉన్నవారిని లెక్క చూసుకొని, ప్రతి ఇంటికీ వెళ్ళండి

సభ్యత్వ పట్టికను ముందు పెట్టుకొని ఒక్కొక్క పేరు ఎదుట ఆ మనిషి స్థితిని రాయండి: క్రమంగా వచ్చేవారు, అప్పుడప్పుడు వచ్చేవారు, అనారోగ్యం చేతనో వృద్ధాప్యం చేతనో ఇల్లు కదలలేనివారు, వేరే చోటికి వెళ్ళిపోయినవారు, ప్రభువునందు నిద్రించినవారు. చాలా చిన్న సంఘాల్లో పట్టికలో ఎనభై పేర్లు ఉంటాయి, ఆదివారం ముప్పై మంది వస్తారు, మిగిలిన యాభై మంది పడిపోయారని కాపరి మనసులో బరువు మోస్తూ ఉంటాడు. లెక్క తీసి చూస్తే ఆ యాభైలో నలభై మంది మరణించినవారో, ఊరు మారి వేరే సంఘాల్లో నమ్మకంగా ఉన్నవారో అవుతారు. లేని నష్టానికి దుఃఖించడం ఆగితేనే ఉన్న పని కంటికి ఆనుతుంది.

ఆ తరువాత నాలుగు వారాల్లో ప్రతి ఇంటినీ సందర్శించండి. వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు చాలు. "ఈ రోజుల్లో మీకు బరువుగా ఉన్నది ఏమిటి? దేవుడు మీ ప్రార్థన విన్నాడని ఈ మధ్య ఎప్పుడు అనిపించింది? మీరు రోజూ కలిసేవారిలో ప్రభువును ఎరగనివారు ఎవరు?" మూడవ ప్రశ్నకు జవాబు వెంటనే రాకపోయినా ఒత్తిడి చేయకండి, అడిగి వదిలేయండి. జవాబులను అక్కడే రాస్తే ఎదుటివారు బిగుసుకుపోతారు కాబట్టి ఇంటికి తిరిగి వచ్చాక రాసుకోండి.

హెచ్చరిక: ఈ సందర్శనలో కానుకల మాట, హాజరు మాట ఎత్తకూడదు. కాపరి గుమ్మం తొక్కితే ఏదో అడగడానికే అన్న అభిప్రాయం ఒక్కసారి పడితే దానిని పోగొట్టడానికి ఏళ్ళు పడుతుంది.

ఇల్లు కదలలేనివారిని చివరికి నెట్టకండి, వారి దగ్గరికే ముందు వెళ్ళండి. సంఘంలో అందరికంటె ఎక్కువ సమయం ఉన్నవారు వారే. "మీరు రాలేకపోతున్నారు" అని ఓదార్చి వచ్చేయడం కంటె, "ఈ వారం ఈ నాలుగు పేర్ల కోసం ప్రార్థన చేసి పెట్టండి, వచ్చే వారం వచ్చి అడుగుతాను" అని పని అప్పగించి రావడం వారికి ఎక్కువ బలాన్నిస్తుంది. చెప్పినట్లే వచ్చే వారం వెళ్ళి అడగాలి సుమా.

2. వేదిక మీది మాటతీరు మార్చుకోండి

ఇది అన్నింటికంటె కష్టమైన మెట్టు, ఎందుకంటే ఇక్కడ మారవలసింది సంఘం కాదు. పరిచర్య మొదటి రోజుల్లో నేను ఒక ఆదివారం, వాన వల్ల తగ్గిన హాజరు చూసి, సమాజముగా కూడుట మానకూడదన్న హెబ్రీ 10:25 మీద ఆవేశంగా ప్రసంగించాను. కూడిక అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, రానివాళ్ళను తిట్టారు, వచ్చినవాళ్ళం తిన్నాం" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆ వచనాన్ని దానికి ముందున్న 24వ వచనంతో కలిపి చదవడం నేర్చుకున్నాను. కూడి రావడం ఒకరినొకరు ప్రేమకు, సత్కార్యాలకు పురికొల్పుకోవడానికని అక్కడ ఉంది, హాజరు పట్టీ నింపడానికని లేదు.

ఆరు ఆదివారాలకు ఆరు పాఠ్యభాగాలు ముందుగానే నిర్ణయించుకోండి. నేను వాడే వరుస ఇది:

మొదటి వారం లూకా 12:32, చిన్న మందకు భయపడవద్దని ప్రభువు చెప్పిన మాట. రెండవ వారం ప్రకటన 3:7-13, ఫిలదెల్ఫియ సంఘం. మూడవ వారం న్యాయాధిపతులు 7, గిద్యోను. నాలుగవ వారం యోహాను 1:35-42, అంద్రెయ తన సహోదరుణ్ణి తీసుకురావడం. అయిదవ వారం అపొస్తలుల కార్యములు 16:11-15, నదీతీరాన కొద్దిమంది స్త్రీలతో ఫిలిప్పీ సంఘం మొదలవడం. ఆరవ వారం 1 కొరింథీయులకు 3:5-9, నాటేవాడు, నీళ్ళు పోసేవాడు, వృద్ధి కలుగజేసే దేవుడు.

వీటిలో రెండవదాని మీద ఎక్కువ సమయం గడపండి. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో ప్రభువు గద్దింపు లేనివి రెండే, స్ముర్న, ఫిలదెల్ఫియ. ఒకటి బీదది, శ్రమల్లో ఉన్నది. రెండవదానికి ఉన్న శక్తి కొంచెమే. వాటి పక్కనే సార్దీస్ ఉంది, జీవిస్తున్నదన్న పేరు దానికుంది, కాని అది మృతమైనదని ప్రభువు తీర్పు. ఫిలదెల్ఫియ శక్తి కొంచెమని ప్రభువు నిందించలేదు, అదే వాక్యంలో ఎవరూ వేయలేని తలుపు దాని ఎదుట తెరిచి ఉంచానన్నాడు. ఈ సంగతిని ఉదాహరణలతో బరువు చేయకుండా, వచనం వచనంగా చదివి వివరిస్తే చాలు.

గిద్యోను వారంలో మాత్రం జాగ్రత్త. ఇరవై రెండు వేల మంది తిరిగి వెళ్ళారు, పదివేలు మిగిలారు, చివరికి మూడు వందలు. దీనిని చెబుతూ చాలామంది "తక్కువ మంది ఉండడమే గొప్ప" అన్నట్లు ముగిస్తారు, దానితో కొత్తవారు రాకపోవడం కూడా ఆత్మీయతకు గుర్తుగా మారిపోతుంది. జయం తమదని ఇశ్రాయేలు అతిశయించకూడదన్నది ఆ భాగపు భావం, అంతవరకే చెప్పి ఆగండి.

వరుస ప్రసంగాలు మీ సంఘానికి అలవాటు లేకపోతే ఈ ఆరు భాగాలనూ వారం మధ్య కూడికలో పావుగంట చొప్పున చదివి మాట్లాడుకున్నా సరిపోతుంది.

3. ప్రార్థన కూడికను గంటకు కుదించి, పేర్లతో నింపండి

1784లో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ బాప్టిస్టు సంఘాల కూటమి, జాన్ సట్‌క్లిఫ్ ప్రతిపాదన మీద, ప్రతి నెలా మొదటి సోమవారం సాయంకాలం ఒక గంట సేపు సువార్త వ్యాప్తి కోసం ప్రార్థించాలని నిర్ణయించింది. అవి కూడా చిన్న సంఘాలే. ఎనిమిదేళ్ళ తరువాత, 1792 అక్టోబరు 2న, కెట్టరింగులో ఒక విధవరాలి ఇంట్లో ఆ కూటమి కాపరులే కొద్దిమంది కూడి బాప్టిస్టు మిషనరీ సొసైటీని ఏర్పరచారు. ఆనాడు వారు వాగ్దానం చేసిన మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏడే విలియం కేరీ బెంగాలుకు ఓడ ఎక్కాడు. మనకు ఇక్కడ పనికివచ్చేవి రెండు: వారు సమయానికి హద్దు పెట్టుకున్నారు, ప్రార్థనకు విషయం పెట్టుకున్నారు.

మీ గంటను ఇలా పంచండి. పది నిమిషాలు వాక్యం, పది నిమిషాలు గత వారపు సమాచారం, నలభై నిమిషాలు ప్రార్థన. పాటలు ఒకటికి మించకుండా చూడండి. నలభై నిమిషాల్లో సగం సంఘ సభ్యుల అవసరాలకు, సగం ఇంకా ప్రభువును ఎరగనివారికి కేటాయించండి. ఈ విభజన లేకపోతే మొత్తం సమయం మోకాళ్ళ నొప్పులకు, పరీక్షలకు, ప్రయాణాలకు సరిపోతుంది. అవీ ప్రార్థించవలసినవే, అయితే అవి మాత్రమే కాదు.

ప్రతి సంఘంలోనూ ఇరవై నిమిషాలు ప్రార్థించే ఒక సహోదరుడు ఉంటాడు. అందరి ఎదుట ఆయనను ఆపకండి. ముందుగా విడిగా కలిసి, "మీ ప్రార్థన విన్న తరువాత కొత్తవారికి నోరు రావడం లేదు, ఈ నెల మీరు చివర ముగింపు ప్రార్థన చేయండి" అని గౌరవంగా చెప్పండి. కొత్తవారికి ఒకే వాక్యం ప్రార్థించడం నేర్పండి: "ప్రభువా, నా పొరుగువారిని జ్ఞాపకం చేసుకోండి, ఆమేన్." అది చాలు.

హెచ్చరిక: ప్రార్థన విజ్ఞాపన పేరుతో ఒకరి ఇంటి గుట్టు నలుగురిలో పడడం చిన్న సంఘాలను కూల్చిన జబ్బు. ఎవరి సంగతి చెబుతున్నారో వారి అనుమతి లేకుండా వివరాలు చెప్పకూడదన్న నియమాన్ని మొదటి వారమే ప్రకటించండి.

కూడి రావడానికి వీలుపడని సంఘంలో ఇద్దరిద్దరిని జతచేసి, వారానికి రెండుసార్లు నిర్ణీత వేళకు ఫోనులో పది నిమిషాలు ప్రార్థించేలా ఏర్పాటు చేయవచ్చు. ఇది కూడికకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు కాని, ఏమీ లేకపోవడం కంటె ఎంతో నయం.

4. సంఘ సమావేశంలో తీర్మానం చేయించండి

బాప్టిస్టు సంఘంలో సంఘాన్ని నడిపించే నిర్ణయం బిషపుదీ కాదు, కాపరిదీ కాదు, క్రీస్తు అధికారం కింద కూడిన సభ్యులది. ఇది మన కాపరులకు ఒప్పుకోవడానికి బాగానే ఉంటుంది, ఆచరణకు వచ్చేసరికి చాలామంది వేదిక మీద నుంచే కార్యక్రమం ప్రకటించేస్తారు. అప్పుడు అది "అయ్యగారి కార్యక్రమం" అవుతుంది, జరిగితే ఆయన జరిపించినట్లు, ఆగితే ఆయన ఆపినట్లు. సభ్యులు తామే చేతులెత్తి ఒప్పుకున్న పనిని మాత్రం అంత తేలికగా వదలరు.

ముందు పరిచారకులతో విడిగా కూర్చోండి. వారి అభ్యంతరాలు వినండి, వీలైనవాటిని ప్రణాళికలోనే సర్దండి. తరువాత సంఘ సమావేశంలో ఒకే వాక్యంలో ప్రతిపాదించండి: "రాబోయే ఎనిమిది వారాలు ప్రతి సభ్యుడు ముగ్గురి కోసం ప్రతిదినం ప్రార్థించాలని, వారానికి ఒకసారి ఇద్దరిద్దరుగా ఒక సేవకు వెళ్ళాలని, చివర సంఘానికి నివేదిక ఇవ్వాలని తీర్మానిస్తున్నాము." కాపరి కాక ఒక సభ్యుడు ప్రతిపాదించి, మరొకరు బలపరిస్తే మంచిది. తీర్మానాన్ని మినిట్సు పుస్తకంలో రాయించండి.

వ్యతిరేకత బలంగా ఉంటే కొద్ది ఓట్ల తేడాతో నెగ్గించుకోకండి. ఇరవై అయిదు మంది సంఘంలో పదముగ్గురు అవునని, పన్నెండుగురు కాదని చెబితే అక్కడ తీర్మానం నెగ్గినట్లు కాదు, సంఘం చీలినట్లు. నెల రోజులు వాయిదా వేసి, కాదన్నవారి ఇళ్ళకు మళ్ళీ వెళ్ళండి. ఈలోగా మూడవ మెట్టు ఆగనవసరం లేదు.

5. ఒక్కొక్కరికి మూడు పేర్లు

చిన్న అట్టముక్కల మీద ప్రతి సభ్యుడు మూడు పేర్లు రాసుకొని తన బైబిలులో పెట్టుకోవాలి. మూడింటికి మించవద్దు. పది పేర్లు రాసినవారు రెండవ వారానికి జాబితా చదువుతారు, ప్రార్థించరు. పేర్లను ఎంచుకోవడానికి ఒకే కొలత: వారంలో ఒక్కసారైనా సహజంగా కలిసేవారై ఉండాలి. పనిచోట పక్కన కూర్చునేవారు, పక్కింటివారు, దూరమైన బంధువు, బడి దగ్గర పిల్లల కోసం నిలబడే మరో తల్లి. అంద్రెయ యోహాను సువార్తలో కనబడిన మూడు సందర్భాల్లోనూ ఎవరినో ఒకరిని ప్రభువు దగ్గరికి చేరుస్తూ కనబడతాడు: 1వ అధ్యాయంలో తన సహోదరుణ్ణి, 6వ అధ్యాయంలో రొట్టెలున్న చిన్నవాణ్ణి, 12వ అధ్యాయంలో ఫిలిప్పుతో కలిసి గ్రీసుదేశస్థుల మాటను. అతను చేసిన ప్రసంగం ఒక్కటీ మనకు మిగలలేదు.

క్రమం ఇది: మొదటి రెండు వారాలు ప్రార్థన మాత్రమే, తరువాతి రెండు వారాలు ఆ ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక చిన్న ఉపకారం, ఆ తరువాతే మాట. ఆత్రపడి మొదటి వారమే మాట్లాడేసిన సభ్యుణ్ణి గద్దించకండి, దేవుడు వరుస తప్పించి కూడా పని చేస్తాడు. కాని అందరికీ నేర్పే వరుస మాత్రం ఇదే కావాలి.

ఈ పేర్ల నకలు కాపరి తన దగ్గర ఉంచుకోకూడదని నా అభిప్రాయం. ఎవరు ఎంతమంది పేర్లు రాసుకున్నారన్నది చాలు. ఆ మనుషులకు తెలియకుండా వారి పేర్లు సంఘ కార్యాలయంలో జాబితాగా ఉండడం స్నేహానికి తగిన పని కాదు.

6. మూడు నిమిషాల సాక్ష్యం నేర్పండి

"నాకు మాట్లాడడం రాదు" అన్నది ఎక్కువమంది చెప్పే సాకు కాదు, నిజమైన భయం. దానికి మందు అభ్యాసం. అపొస్తలుల కార్యములు 26లో పౌలు అగ్రిప్ప ఎదుట చెప్పిన సాక్ష్యం మూడు భాగాలుగా ఉంది: క్రీస్తును ఎరగకముందు (4-11), ఆయనను కలిసినప్పుడు (12-18), ఆ తరువాత (19-23). దీనినే నమూనాగా తీసుకొని, ఒక్కొక్క భాగం ఒక్కొక్క నిమిషంలో చెప్పేలా ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి సాధన చేయించండి. గడియారం పెట్టండి. రెండు వారాలు, రెండేసి సార్లు.

ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు మన భాష. సంఘంలో పెరిగినవారికి "రక్షణ పొందాను", "మారుమనస్సు కలిగింది", "రక్తముచేత కడుగబడ్డాను", "ఆత్మీయంగా బలపడ్డాను" అన్నవి శ్వాస వంటివి. వినేవారికి మాత్రం అవి అర్థం కాని పరిభాష, ఒక్కొక్కసారి భయపెట్టే పరిభాష. ఈ అభ్యాసం చేయించండి: ఒకరు సాక్ష్యం చెబుతుండగా ఎదుటివారు బయటి మనిషిలా వింటూ, అర్థం కాని ప్రతి మాట దగ్గర చెయ్యి ఎత్తాలి. చెప్పేవారు ఆ మాటను విడమరచాలి. "రక్షణ పొందాను" అన్నదానికి బదులు "నా తప్పులకు నేను జవాబు చెప్పుకోలేనని తెలిసింది, యేసు నా బదులు ఆ భారం మోశాడని నమ్మాను, ఆ రోజు నుంచి భయం లేకుండా ప్రార్థిస్తున్నాను" అనగలిగితే పిల్లవాడికైనా అర్థమవుతుంది. నవ్వులతో సాగే ఈ గంట సంఘానికి ఎంతో మేలు చేస్తుంది, తాము నమ్మినది ఏమిటో చాలామందికి అప్పుడే తేటపడుతుంది.

రెండు పొరపాట్లు గమనించండి. మొదటిది, పాత జీవితాన్ని పెంచి చెప్పడం. చిన్ననాటి నుంచి విశ్వాసంలో పెరిగిన సభ్యురాలు తన సాక్ష్యంలో నాటకీయత లేదని సిగ్గుపడి ఏదో కలపబోతే వెంటనే ఆపి, అబద్ధం లేని మామూలు సాక్ష్యమే కావాలని చెప్పండి. రెండవది, ఎదుటివారి నమ్మకాలను కించపరచడం. మన నిరీక్షణకు హేతువు అడిగినవారికి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పాలని 1 పేతురు 3:15 నియమం. "భయంతో" అన్న మాటను చాలామంది చదవకుండా దాటేస్తారు.

7. ఇద్దరిద్దరుగా, ఒకే ఒక సేవకు

ప్రభువు డెబ్బది మందిని ఇద్దరిద్దరినిగా పంపాడు (లూకా 10:1). చిన్న సంఘం సంవత్సరమంతా ఆపకుండా చేయగలిగిన ఒకే సేవను ఎంచుకోండి: ఆసుపత్రిలో ఉన్నవారిని పలకరించడం, ఒంటరి వృద్ధులకు తోడుగా ఉండడం, పిల్లలకు చదువులో సాయం, కోరినవారి ఇంట్లో బైబిలు పఠనం. నాలుగూ మొదలుపెట్టిన సంఘం నాలుగు నెలల్లో నాలుగూ ఆపుతుంది. ఏది ఎంచుకోవాలో తెలియకపోతే మొదటి మెట్టులో రాసుకున్న జవాబులు తిరగేయండి, సభ్యులకు చేతనైన పని ఏమిటో అక్కడే ఉంటుంది.

ఈ మెట్టులో హెచ్చరికలు గట్టివి. సాయానికి, ఆరాధనకు రావడానికి ముడిపెట్టకూడదు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉదంతం ప్రతి కాపరికీ తెలిసి ఉండాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారికి, కరువు సాయం అందుతున్నంత కాలమూ, తిండి ఆశతో వచ్చారన్న అనుమానానికి తావు ఉండకూడదని ఇవ్వలేదు. సాయం ఆగిపోయిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలామంది ఆ సంఖ్యను చెబుతారు, దాని వెనుక ఉన్న ఎదురుచూపును చెప్పరు.

ఒత్తిడి కూడా బాప్టిస్టు మార్గం కాదు. మన తొలి నాయకుల్లో ఒకడైన థామస్ హెల్విస్ 1612లో, మనుషుల మనస్సాక్షి మీద రాజుకు అధికారం లేదని రాసి చెరసాల పాలయ్యాడు. రాజుకే లేని అధికారం మనకు రాదు. వద్దన్న ఇంటికి మళ్ళీ వెళ్ళకండి, స్నేహం మాత్రం వదలకండి. పిల్లలతో చేసే ఏ సేవకైనా తల్లిదండ్రుల అనుమతి ముందుగా తీసుకోవాలి, ఒక పెద్ద మనిషి ఒక పిల్లతో ఒంటరిగా ఉండే ఏర్పాటు ఏ కారణం చేతనూ ఉండకూడదు. ఆసుపత్రి వంటి చోట్ల అక్కడి నియమాలను, మీరున్న చోటి చట్టాన్ని తెలుసుకొని వాటికి లోబడి వెళ్ళండి.

8. ఒకరు ఆసక్తి చూపినప్పుడు

ఆ మనిషిని తెచ్చిన సభ్యుడే వెంట ఉండాలి, వెంటనే కాపరి చేతికి అప్పగించి తప్పుకోకూడదు. మార్కు సువార్తలో పదహారు అధ్యాయాలున్నాయి. వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు కలిసి చదవండి. ప్రతి భాగం దగ్గర రెండే ప్రశ్నలు: యేసు ఎవరని ఇక్కడ కనబడుతోంది, దానికి నేనేమి చేయాలి?

బాప్తిస్మానికి తొందర పెట్టకండి, అనవసరంగా ఆలస్యమూ చేయకండి. ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్ళు కనబడగానే బాప్తిస్మం అడిగాడు (అపొ. కా. 8:36), కాని అంతకుముందు ఫిలిప్పు లేఖనం వివరించాడు. అతని విశ్వాసం అతని నోట వినబడాలి, సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి, సంఘం అంగీకరించాలి, అప్పుడు ముంచుట ద్వారా బాప్తిస్మం. ఆ తరువాత ఒక సంవత్సరం పాటు ఒక తోడు విశ్వాసిని నియమించండి. మత్తయి 28:20లో "బోధించుడి" అన్న పని బాప్తిస్మంతో ముగియదు.

తరచుగా జరిగే పొరపాట్లు

పెద్ద సంఘంతో పోల్చుకొని వారి పద్ధతులను ఉన్నవి ఉన్నట్లు తెచ్చుకోవడం. వేరే సంఘాల సభ్యులను ఆకర్షించి దానిని సువార్త ఫలమనుకోవడం: ఇది ఒక దొడ్డిలోని గొర్రెను మరొక దొడ్డిలోకి తోలడమే, మందలో ఒక్క గొర్రె కూడా పెరగలేదు. మూడవ వారంలో ఉత్సాహం తగ్గిందని ఉజ్జీవ కూడికలు పెట్టించడం: మూడు రోజుల వేడి తరువాత వచ్చే చల్లదనం మునుపటి కంటె ఎక్కువ. అన్నింటికంటె మామూలుగా జరిగేది, సభ్యుడు తడబడుతుంటే చూడలేక కాపరి ఆ పనిని తానే చేసేయడం. ఎఫెసీయులకు 4:11-12 ప్రకారం కాపరి పని పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచడం. తడబడనివ్వండి.

ఫలితాన్ని ఎలా చూసుకోవాలి?

నాలుగవ, ఎనిమిదవ, పన్నెండవ వారాల్లో ఈ అంకెలు రాసుకోండి: ప్రార్థన కూడికలో బిగ్గరగా ప్రార్థించినవారు ఎందరు, మూడు పేర్ల కోసం ఇంకా ప్రార్థిస్తున్నామని చెప్పినవారు ఎందరు, సాక్ష్యం మూడు నిమిషాల్లో చెప్పగలిగినవారు ఎందరు, సేవకు వెళ్ళిన జతలు ఎన్ని, కాపరి అడగకుండానే ఒకరినొకరు సందర్శించుకున్న సందర్భాలు ఎన్ని. చివరిది అన్నింటికంటె నమ్మదగిన గుర్తు. ఆదివారం హాజరును, కానుకను ఈ పన్నెండు వారాలు ఈ లెక్కలో కలపకండి, పండుగలకు, వానలకు అవి మారుతూ ఉంటాయి.

సభ్యుల్లో మూడవ వంతు మంది నిలిచి ఉంటే పని బాగా సాగుతున్నట్లే లెక్క. అంతకంటె తగ్గితే పేర్లను మూడు నుంచి ఒకటికి తగ్గించండి, సేవను వారానికి బదులు పదిహేను రోజులకు మార్చండి, కాని ఆపకండి. ఎవరూ నిలవలేదనుకుందాం. అప్పుడు మళ్ళీ మొదటి మెట్టుకు వెళ్ళి, సంఘంలో తీరని తగాదా ఏదైనా ఉందేమో వెతకండి. చాలాసార్లు రెండు కుటుంబాల మధ్య పాత పగ దొరుకుతుంది, అది తీరేదాకా ఏ కార్యక్రమమూ పాకదు.

కొత్తవారు ఒక్కరూ రాలేదని పన్నెండవ వారంలో ఎవరైనా అడుగుతారు. 1793లో బెంగాలు చేరిన కేరీ తొలి హిందూ విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చింది 1800 డిసెంబరులో. 1813లో బర్మా చేరిన అమెరికన్ మిషనరీ అదోనిరామ్ జడ్సన్ తొలి బర్మీయుడికి ఇచ్చింది 1819లో. ఈ సంవత్సరాలను వారికి చెప్పండి, మీ అంకెలను దాచకుండా చూపండి.

పన్నెండవ వారం ముగిశాక సంఘ సమావేశం పిలిచి, ఆ నోటుపుస్తకంలోని అంకెలను ఒక పరిచారకునితో చదివించండి. మూడు సాక్ష్యాలు వినండి, వాటిలో ఒకటి పని కుదరనివారిది కావాలి. తరువాత తీర్మానాన్ని మరో పన్నెండు వారాలు పొడిగించాలా, మార్చాలా, ఆపాలా అని సభ్యులనే అడిగి, వారు చెప్పినదాన్ని మినిట్సులో రాయించండి.